కాపురస్తుడెవరు? - తుపాకి లైసెన్సు చెప్పే చరిత్ర

1

మన కథల్లో తుపాకి తరచుగానే కనబడుతుంది. దొర గడీలో గోడకు వేలాడుతుంది. పోలీసు భుజాన తిరుగుతుంది. అడవిలో పేలుతుంది. తుపాకి లైసెన్సు మాత్రం ఎక్కడోగాని కనబడదు. అది కాగితం. కాగితంలో కథేముంటుందని మన రచయితలు అనుకుని ఉండవచ్చు. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. కొన్నేళ్ల కిందట నా పాత విద్యార్థి ఒకడు బడికి వచ్చి, ఆరు నుంచి పది దాకా ఇక్కడే చదివినట్టు ధ్రువపత్రం కావాలని అడిగేదాకా ఆ సంగతి నా బుర్రకెక్కలేదు.

అతను 17 ఏళ్లు సైన్యంలో పనిచేసి వచ్చాడు. విజయవాడలో ఒక చోట కాపలా ఉద్యోగం ఉందన్నారు. సొంత తుపాకి, దానికి లైసెన్సు ఉన్నవాళ్లనే తీసుకుంటారట. దేశం ఇచ్చిన తుపాకిని 17 ఏళ్లు మోసినవాడికి మామూలు రెండు గొట్టాల తుపాకికి అనుమతి రావడం ఏమంత కష్టం అనుకున్నాడు. కష్టం తుపాకి దగ్గర రాలేదు. దరఖాస్తులో నివాసం అన్న గడి దగ్గర వచ్చింది. అతని తల్లిదండ్రులు కాలవ గట్టు మీద పాక వేసుకుని బతికారు. గట్టు పోరంబోకు. దానికి పట్టా లేదు, ఇంటి నంబరు లేదు. సర్వీసులో ఉన్నన్నాళ్లూ అతను సెలవులకు తప్ప ఊరికి రాలేదు. విచారణలో తనను అడిగిన ప్రశ్నలు అతను నాకు వరసగా చెప్పాడు: సొంత ఇల్లుందా? భూమి ఎంత? నీకు హామీగా నిలబడే పెద్దమనిషి ఊళ్లో ఎవరు?

ఈ మూడు ప్రశ్నల్లో ఒక్కటి కూడా అతను ఎక్కడ ఉంటున్నాడని అడగలేదు. అతను ఎవరని అడిగింది.

ఇది ఒక కార్యాలయం తప్పో, ఒక ఉద్యోగి దురుసుతనమో అయితే వ్యాసం రాయనక్కరలేదు. ఈ ప్రశ్నలకు 140 ఏళ్లకు పైబడిన చరిత్ర ఉంది. ఆయుధానికి అనుమతి కావాలంటే ముందు నివాసం రుజువు చేసుకోవాలన్న నియమం చూడడానికి పాలనాపరమైన చిన్న ఏర్పాటు. మన సమాజంలో మాత్రం ఆ నియమం చోటును గురించి అడుగుతున్నట్టు కనబడుతూ హోదాను గురించి అడుగుతూ వచ్చింది. ఆ సంగతిని చరిత్ర క్రమంలో చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

2

సాహిత్య విద్యార్థులు 1878వ సంవత్సరాన్ని దేశభాషా పత్రికల చట్టం వచ్చిన ఏడుగా గుర్తుపెట్టుకుంటారు. అదే ఏడు, అదే వైస్రాయి లిట్టన్ హయాంలో భారత ఆయుధ చట్టం కూడా వచ్చింది. ఈ రెండింటినీ కలిపి చదివినప్పుడు గాని వాటి స్వభావం బోధపడదు. దేశీయుడి చేతిలో ఉన్న కలానికీ తుపాకికీ ఒకే ఏడు కళ్లెం వేశారు. వేసినవాడు స్వయంగా కవి. ఓవెన్ మెరెడిత్ అనే మారుపేరుతో కావ్యాలు అచ్చువేసుకున్నవాడు.

కలం మీది చట్టాన్ని 1882లో రిప్పన్ రద్దు చేశాడు. మద్రాసు రాజధానికి దాన్ని అసలు వర్తింపజేయనే లేదు. (1922లో వచ్చిన ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి'ని నిషేధించడానికి ప్రభుత్వానికి ఆ చట్టం అవసరం కూడా కాలేదనుకోండి.) తుపాకి మీది చట్టం మాత్రం మన జిల్లాలకూ వచ్చింది. వచ్చి, స్వాతంత్ర్యం తరవాత కూడా 15 ఏళ్లు బతికింది. 1959లో పార్లమెంటు చేసిన కొత్త చట్టం 1962 అక్టోబరు 1న అమల్లోకి వచ్చేదాకా మనల్ని ఏలింది లిట్టన్ చట్టమే.

ఆ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా ఎవరూ తుపాకి పెట్టుకోకూడదు. అయితే చట్టం కింద చేసిన నిబంధనల్లో మినహాయింపుల పట్టిక ఒకటి ఉంది. అసలు చట్టం ఆ పట్టికలోనే ఉందంటే తప్పులేదు. యూరోపియన్లకు, ఆంగ్లో ఇండియన్లకు మినహాయింపు. బిరుదులున్న రాజాలకు, పెద్ద జమీందార్లకు మినహాయింపు. మిగిలిన జనమంతా జిల్లా మేజిస్ట్రేటు ముందు దరఖాస్తుదారులు. 1920 నిబంధనలతో జాతి భేదం కాగితం మీద తొలగింది. హోదా భేదం తొలగలేదు.

ఈ పట్టికలో ఒక విచిత్రమైన పద్దు ఉంది. కొడగు ప్రాంతంలో కొడవ జాతివారికి, 'జమ్మా' అనే పద్ధతిలో భూమి అనుభవిస్తున్నవారికి లైసెన్సు అక్కరలేదన్నారు. ఆ మినహాయింపు స్వతంత్ర భారతంలోనూ కొనసాగింది. 2019లో కేంద్ర ప్రభుత్వం దాన్ని 2029 దాకా పొడిగించింది. 2021లో కర్ణాటక హైకోర్టు సమర్థించింది. అంటే ఈ దేశంలో ఒక చోట పుట్టుక, ఆ చోట భూమితో ఉన్న సంబంధం మనిషికి ఆయుధం ఇచ్చాయి. నివాసం అన్న మాటలో భూమి ఎలా దాగి ఉంటుందో కొడగు మనకు దాచకుండా చూపిస్తుంది. మిగిలినచోట్ల అది మర్యాదగా దాక్కుంది.

నివాసానికి సంబంధించిన రెండో ముఖం కూడా ఆ కాలంలోనే చూడాలి. 1871లో నేరస్త జాతుల చట్టం వచ్చింది. 1911లో దాన్ని మద్రాసు రాజధానికి విస్తరించారు. సంచార జీవనం గడిపే ఎరుకల కుటుంబాలను తెచ్చి స్టూవర్టుపురంలో, సీతానగరంలో సెటిల్మెంట్లలో పెట్టారు. వాళ్లు రోజూ హాజరు పలకాలి. ఊరు దాటాలంటే పాసు ఉండాలి. ఒకే ప్రభుత్వం కొందరిని నివాసం రుజువు చేసుకోమంది, మరికొందరి మీద నివాసాన్ని శిక్షగా రుద్దింది. మొదటివాడికి చిరునామా అర్హత. రెండోవాడికి అదే సంకెల. ఆ సంకెల మద్రాసు రాష్ట్రంలో 1947లో, దేశమంతటా 1952లో తెగింది.

3

డెల్టాలో పాత దస్తావేజులు చూసినవారికి ఒక వాక్యం కంఠతా వస్తుంది: ఫలానా తాలూకా ఫలానా గ్రామ కాపురస్తులు, ఫలానావారి కుమారులు, వ్యవసాయం. మనిషిని కాగితం మీద నిలబెట్టడానికి మన రైటర్లకు ఈ మూడు మేకులు చాలు: ఊరు, తండ్రి, వృత్తి. ఈ వాక్యంలో కాపురస్తుడు అన్న మాట గొప్పది. కాపురం ఉన్నవాడు అని దాని అర్థం. కాని దస్తావేజు ఎక్కేది ఎవరి పేరు? భూమి అమ్మేవాడిది, కొనేవాడిది. భూమి లేనివాడు ఆ ఊళ్లోనే ఏడు తరాలు కాపురమున్నా దస్తావేజుల్లో కాపురస్తుడు కాలేడు. ఎందుకంటే వాడి పేరు దస్తావేజు ఎక్కే సందర్భమే రాదు.

మా చల్లపల్లినే తీసుకుందాం. దేవరకోట సంస్థానమని పేరుపడ్డ జమీ ఇది. ఊరి నడుమ కోట ఇప్పటికీ ఉంది. 1930ల్లో జమీందారీ రైతుల ఉద్యమం దివి తాలూకాలో బలంగా సాగింది. ఘంటసాలకు చెందిన గొట్టిపాటి బ్రహ్మయ్య వంటివారు అందులో నిలిచారు. 1948లో మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చేదాకా ఈ నేల మీద రైతుకే పూర్తి హక్కు లేదు. రైతుకే లేనప్పుడు పాలేరు సంగతి చెప్పనక్కరలేదు. అలాంటి ఊళ్లో "నీ నివాసం ఎక్కడ?" అని అడిగితే వచ్చే జవాబుల్లో మూడు అంతస్తులుంటాయి. కోటలో ఉండేవాడు తన పేరు చెబితే చాలు. ఊళ్లో ఉండేవాడు శిస్తు రసీదు చూపిస్తాడు. వాడలో ఉండేవాడు తాను ఎవరి దగ్గర పనిచేస్తున్నాడో చెబుతాడు. యజమాని పేరే వాడి చిరునామా.

ఇది అలంకారంగా అన్న మాట కాదు. తుపాకి లైసెన్సు నమూనాలోనే దీనికి ఆధారముంది. లైసెన్సుదారు తరఫున తుపాకి మోసే నౌకర్ల వివరాలు రాయడానికి అందులో ఒక గడి ఉండేది. అంటే భూమి లేనివాడి చేతికి కూడా చట్టబద్ధంగా తుపాకి రావచ్చు, యజమాని మనిషిగా. పంట కావలికి చేను గట్టున రాత్రంతా మేలుకునేది కూలివాడు. పంట కావలి పేరుతో లైసెన్సు వచ్చేది చేను గలవాడికి. మన భాషలో 'కాపు' అన్న మాటకు కావలి అనీ, సేద్యగాడు అనీ రెండర్థాలున్నాయి. లైసెన్సు కాగితం ఆ రెండర్థాలనూ విడదీసి, ఒకటి ఒకడికి, ఇంకొకటి ఇంకొకడికి పంచిపెట్టింది.

నౌకరు చేతిలో దొర తుపాకి ఏం చేయగలదో 1946 జులై 4న జనగామ తాలూకా కడవెండిలో తెలిసింది. విసునూరు దేశముఖు మనుషులు గడీ నుంచి కాల్చిన కాల్పుల్లో దొడ్డి కొమరయ్య చనిపోయాడు. అవతల ఊరేగింపులో ఉన్నవాళ్ల చేతుల్లో కర్రలు, వడిసెలలు. నిజాం రాజ్యపు చట్టం వేరు, మద్రాసు చట్టం వేరు. కాని తుపాకి ఏ ఇంటి గోడకు వేలాడాలన్న విషయంలో కృష్ణకు ఇవతలా అవతలా పెద్ద తేడా లేదు.

దీనికి పూర్తిగా ఎదురు నిలిచిన ఘట్టం మన్యంలో ఉంది. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద అల్లూరి సీతారామరాజు దాడి చేసి తుపాకులు తీసుకుపోయాడు. ఏమేమి తీసుకున్నాడో స్టేషను డైరీలో రాసి సంతకం పెట్టాడన్నది అందరికీ తెలిసిన సంగతే. ఆ సంతకాన్ని మనం సాధారణంగా వీరుడి సాహసంగా చెప్పుకుంటాం. నాకు అందులో ఇంకొకటి కూడా కనబడుతుంది. కొండవాడికి ఏ మేజిస్ట్రేటూ లైసెన్సు రాసివ్వని రోజుల్లో ప్రభుత్వం పుస్తకంలోనే తన రసీదు తాను రాసుకోవడమది.

4

జాతీయోద్యమం ఈ అవమానాన్ని తొందరగానే గుర్తించింది. 1887లో మద్రాసులో జరిగిన కాంగ్రెసు మహాసభ ఆయుధ చట్టాన్ని సవరించమని తీర్మానించింది. 1931 కరాచీ మహాసభ చేసిన ప్రాథమిక హక్కుల తీర్మానంలో, నియమ నిబంధనలకు లోబడి ఆయుధం కలిగి ఉండే హక్కును కూడా చేర్చారు. కరాచీ తీర్మానాన్ని కార్మికుల హక్కుల కోసం, భూమి శిస్తు తగ్గింపు కోసం తలుచుకునే మనం ఈ అంశాన్ని సాధారణంగా దాటిపోతాం.

1948 డిసెంబరు మొదట్లో రాజ్యాంగ సభ ముందుకు ఆ ప్రశ్న మళ్లీ వచ్చింది. కరాచీ తీర్మానాన్ని గుర్తుచేస్తూ ఆయుధ హక్కును ప్రాథమిక హక్కుల్లో చేర్చాలని హెచ్.వి. కామత్ సవరణ ప్రతిపాదించాడు. అంబేద్కర్ ఒప్పుకోలేదు. ఎవరు పడితే వారు బజారుకు వెళ్లి ఆయుధాలు కొనుక్కోవచ్చంటే ప్రభుత్వం నడవదన్నది ఆయన వాదం. సవరణ వీగిపోయింది. చివరకు రాజ్యాంగం 19వ అధికరణంలో ఆయుధం అన్న మాట ఒకే విధంగా మిగిలింది: ఆయుధాలు లేకుండా శాంతియుతంగా సమావేశమయ్యే హక్కుగా.

అంబేద్కర్ నిర్ణయం తప్పని నేను అనడం లేదు. తుపాకి హక్కయిన అమెరికాలో బడిపిల్లల శవాలు లెక్కపెట్టుకుంటున్న కాలంలో ఒక బడిపంతులు ఆ మాట అనలేడు కూడా. నేను చెప్పదలచింది వేరు. హక్కు కానిది అనుమతి అవుతుంది. అనుమతి అన్నాక ఇచ్చేవాడు ఒకడుంటాడు. ఇచ్చేవాడు అడిగే ప్రశ్నలుంటాయి. ఆ ప్రశ్నల్లో సమాజం బయటపడుతుంది.

1959 చట్టాన్ని చదివితే ఈ సంగతి దాన్ని చేసినవారికి తెలుసనిపిస్తుంది. 14వ సెక్షన్లో ఒక ఉపవాక్యం ఉంది. తగినంత ఆస్తి లేదన్న ఒక్క కారణం మీద ఎవరికీ లైసెన్సు నిరాకరించకూడదు! ఇలాంటి వాక్యాన్ని చట్టంలో ఊరికే రాయరు. అంతవరకు నిరాకరిస్తూ వచ్చారు గనకనే రాయవలసి వచ్చింది. 20 అంగుళాలకు తక్కువ కాని గొట్టమున్న మామూలు తుపాకిని ఆత్మరక్షణకో వేటకో, మందు దట్టించే నాటు తుపాకిని పంట రక్షణకో అడిగితే పౌరుడికి ఇవ్వవలసిందేనని 13వ సెక్షన్ చెప్పింది. పిస్తోలు, రివాల్వరు వంటివాటికి మాత్రం లైసెన్సు అధికారికి సరైన కారణం కనబడాలి.

ఇక 1962 నిబంధనలు. దరఖాస్తుదారు సాధారణంగా నివసించే చోట, లేదా వృత్తి చేసుకునే చోట అధికారం ఉన్న అధికారికి దరఖాస్తు పెట్టాలన్నాయి. వేరే చోటికి మకాం మార్చి, 30 రోజులకు మించి తుపాకితో అక్కడ ఉంటే ఆ సంగతి తెలియజేయాలన్నాయి. తుపాకికి కూడా కాపురం ఉంటుందన్నమాట. దానికీ ఊరు మారితే కబురు చెప్పాలి. ఎన్నికలప్పుడు ఆ కాపురం చెదిరి, లైసెన్సు తుపాకులను పోలీసు స్టేషన్లో అప్పగించవలసి రావడం మనం చూస్తున్నదే.

2016లో కొత్త నిబంధనలు వచ్చాయి. లైసెన్సుల జాతీయ పట్టిక వచ్చింది, ప్రతి లైసెన్సుకూ ఒక సంఖ్య వచ్చింది. 2019 సవరణ ఒక మనిషికి మూడు తుపాకులను రెండుకు తగ్గించింది. పిస్తోలు వంటివాటికి వృత్తి, వ్యాపారం, ఉద్యోగ స్వభావాన్ని బట్టి నిజమైన అవసరం ఉందా అని చూడమన్నారు. న్యాయంగానే ఉంది. అయితే వ్యాపారికి డబ్బు పెట్టె ఉంది, గుత్తేదారుకు పోటీదారు ఉన్నాడు. కూలివాడి పనిలో ప్రాణానికి ముప్పు ఉన్నా అది ఉద్యోగ స్వభావం కిందికి రాదు. ఆస్తి లేదన్న కారణంతో కాదనకూడదని చట్టం ముందు తలుపు తెరిచింది. కాపాడుకోవడానికి నీకేముందని విచారణ లోపలి తలుపు దగ్గర అడుగుతుంది.

5

ఇంతకీ నివాసం అంటే ఏమిటి? 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం దీనికి ఒక మంచి మాట చెప్పింది. ఒక చోట ఇల్లున్నంత మాత్రాన అక్కడ సాధారణంగా నివసిస్తున్నట్టు కాదు. తాత్కాలికంగా ఊరు విడిచినంత మాత్రాన నివాసం పోయినట్టూ కాదు. ఓటు విషయంలో చెప్పిన ఈ మాట ప్రకారం చూస్తే ఇల్లు లేకపోవడం నా విద్యార్థికి దోషం కాకూడదు. సైన్యంలో ఉండి ఊరికి దూరం కావడమూ దోషం కాకూడదు. కాని చట్టపు మాటలు ఒక గదిలోంచి ఇంకో గదిలోకి నడవవు.

నివాసాన్ని రుజువు చేసుకోవడం మన తెలుగువాళ్లకు ఎంత రక్తపాతం మీదికి తెచ్చిందో గుర్తుచేసుకోవాలి. హైదరాబాదు రాజ్యంలో 1919 ఫర్మానా ప్రకారం ముల్కీ కావాలంటే 15 ఏళ్లు అక్కడ నివసించాలి, పాత ఊరికి తిరిగి వెళ్లే ఉద్దేశం మానుకున్నానని ప్రమాణం చెయ్యాలి. ఉద్దేశాన్ని కాగితం మీద ఎలా కొలుస్తారు? కొలవలేరు గనకనే దొంగ ముల్కీ సర్టిఫికెట్లు పుట్టాయి. వాటికి వ్యతిరేకంగా 1952లో ఆందోళన లేచింది, ఆ సెప్టెంబరులో హైదరాబాదులో విద్యార్థుల మీద కాల్పులు జరిగాయి. 1969లో తెలంగాణ, 1972లో జై ఆంధ్ర. ఆ రెండో ఉద్యమంలో మా కృష్ణా జిల్లా ముందు వరసలో ఉంది. ఉద్యోగం కోసం అడిగిన నివాసానికి, తుపాకి కోసం అడిగిన నివాసానికి ప్రయోజనం వేరు. స్వభావం ఒకటే. కాగితం ఉన్నవాడు ఊరివాడు, కాగితం లేనివాడు ఊళ్లోనే పరాయివాడు.

ఆ గొడవలు చల్లార్చడానికి 1974, 1975ల్లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వులు ఒక కొత్త కొలత తెచ్చాయి. ఒక ప్రాంతంలో వరసగా నాలుగేళ్లు చదివితే స్థానికుడు. ఈ విధంగా బడి రిజిస్టరు నివాసానికి సాక్షి అయింది. మా వృత్తి గౌరవానికి ఇది కొంత కారణమని నేను నమ్ముతాను. పట్టాదారు పాసుపుస్తకం లేని ఇంటి పిల్లవాడికి కూడా హాజరు పట్టీలో పేరుంటుంది. తండ్రి దస్తావేజులో కాపురస్తుడు కాకపోయినా కొడుకు బడి పుస్తకంలో కాపురస్తుడే. నా విద్యార్థి నా దగ్గరకు రావడంలో ఈ తర్కముంది. ఊళ్లో తన ఉనికికి మిగిలిన ఏకైక లిఖిత సాక్ష్యం అతనికి మా రిజిస్టరే.

6

నివాసం రుజువు బీదవాడికి గోడ అయినప్పుడు, డబ్బున్నవాడికి అది దొడ్డిదారి కావడంలో వింత లేదు. జమ్మూ కశ్మీర్ ఉదంతం దీనికి పెద్ద ఉదాహరణ. అక్కడి జిల్లాల నుంచి బయటి రాష్ట్రాలవాళ్లకు లైసెన్సులు కుప్పలుగా వెళ్లాయని 2017లో రాజస్థాన్ పోలీసులు బయటపెట్టారు. 2018లో సి.బి.ఐ. కేసు చేపట్టింది. 2012 నుంచి 2016 దాకా ఇలా ఇచ్చినవి 2.78 లక్షలని దర్యాప్తు సంస్థ లెక్క చెప్పింది. ఆ చోట ఎన్నడూ కాపురముండనివారిని అక్కడివారిగా చూపించారన్నది ఆరోపణ. కాలవ గట్టు మీద పుట్టి పెరిగినవాడు ఆ గట్టువాడినని నిరూపించుకోలేడు. వేయి మైళ్ల దూరంలో ఉన్నవాడు మాత్రం మంచుకొండల నివాసి అయిపోతాడు!

చోటు కూడా నిలకడగా ఉండదు. లైసెన్సు మీద అది చెల్లే ప్రాంతం రాస్తారు. 2014 జూన్ 2న ఆ కాగితాల మీది 'ఆంధ్రప్రదేశ్' అన్న మాట మారలేదు, దాని కొలత మారింది. జగ్గయ్యపేట దాటి గరికపాడు దగ్గర సరిహద్దు వెలిసింది. 2022 ఏప్రిల్ 4న కృష్ణా జిల్లా కూడా రెండయింది. మనిషి కదలలేదు, నివాసం కదిలింది. ఒకప్పుడు నిజాం రాజ్యం నడుమ ద్వీపంలా ఉంటూ కృష్ణా జిల్లాకు చెందిన మునగాల పరగణావాళ్లకు ఈ వింత పాతదే.

ఇక్కడి ఇళ్ల నుంచి అమెరికా వెళ్లిన పిల్లల విషయం కూడా చూద్దాం. అక్కడ ఆయుధం 1791 నుంచి రాజ్యాంగ హక్కు. 2022లో వాళ్ల సుప్రీంకోర్టు, పిస్తోలు వెంట తీసుకువెళ్లడానికి ప్రత్యేక కారణం చూపమని న్యూయార్కు అడగడం చెల్లదంది. అయినా అనుమతి పత్రం విషయంలో ఏ రాష్ట్రం నియమం ఆ రాష్ట్రానిదే, నివాసం ఎక్కడన్న ప్రశ్న అక్కడా ఉంది. మనవాళ్లకు వచ్చేసరికి ఇంకో మెలిక. ఉద్యోగ వీసా మీద పదేళ్లు ఒకే ఊళ్లో ఉండి పన్ను కట్టినవాడు పన్నుకు నివాసి. తుపాకికి మాత్రం, కొద్ది మినహాయింపులు తప్పిస్తే, ఫెడరల్ చట్టం దృష్టిలో అనర్హుడు. 2017 ఫిబ్రవరిలో కాన్సస్ రాష్ట్రం ఓలేత్‌లో మన తెలుగు ఇంజనీరును కాల్చి చంపినవాడు, మా దేశం విడిచి పొమ్మని అరిచి మరీ కాల్చాడు. ఇక్కడ "హామీ ఎవరు?" అన్న ప్రశ్నా, అక్కడ "మా దేశంలో నీకేం పని?" అన్న అరుపూ ఒకే వేరు నుంచి వచ్చినవి. రెండూ నువ్వు ఇక్కడివాడివి కావంటాయి.

7

చరిత్ర ఇక్కడితో ఆగితే నిరాశే మిగిలేది. అయితే మన డెల్టాలో చిందిన నెత్తురే చట్టంలో ఒక వాక్యం రాయించింది.

1985 జులై 17న కారంచేడు. 1991 ఆగస్టు 6న చుండూరు, అక్కడ ఎనిమిదిమంది దళితులు హతులయ్యారు. ఈ రెండు ఊళ్లూ పచ్చని పంట కాలవల ఊళ్లే. కారంచేడు తరవాత దేశవ్యాప్తంగా వచ్చిన ఒత్తిడి 1989 అత్యాచారాల నిరోధక చట్టానికి దారితీసిన కారణాల్లో ఒకటి. ఆ చట్టం కింద 1995లో చేసిన నిబంధనల్లో మూడోదాన్ని మన రచయితలు తప్పకుండా చదవాలి. అత్యాచారాలు జరిగే ప్రమాదం ఉందని గుర్తించిన ప్రాంతాల్లో ప్రభుత్వం ఇతర కులాలవారి ఆయుధ లైసెన్సులు రద్దు చేయవచ్చు, అక్రమ ఆయుధాలు పట్టుకోవచ్చు, అవసరమనుకుంటే షెడ్యూల్డు కులాల, తెగలవారికి ఆయుధ లైసెన్సులు ఇవ్వవచ్చు.

లిట్టన్ పట్టికను, ఈ నిబంధనను పక్కపక్కన పెట్టి చూడండి. నూటపదిహేడేళ్ల దూరం. అక్కడ కోటలో నివాసం ఆయుధానికి అర్హత. ఇక్కడ ముప్పు ఉన్న వాడలో నివాసం ఆయుధానికి అర్హత. లైసెన్సు ఎవరి ఇళ్లల్లో ఉందో, ఎవరి ఇళ్లల్లో లేదో ప్రభుత్వం తన నోటితోనే ఒప్పుకున్న పత్రమిది. చుండూరులో వాడినవి గొడ్డళ్లు, ఇనుప రాడ్లు. తుపాకి ఉండి ఉంటే వాడ బతికేదని నేను చెప్పడం లేదు. తుపాకి ఎవరినీ బతికించదు. కాని వాడలో ఉన్నవాడు కూడా ఆ చోటి మనిషేనని, అతని ప్రాణం కాపాడదగిన ఆస్తేనని ఒప్పుకున్న వాక్యమది. వాక్యం వచ్చింది గనక పని జరిగిపోయిందనుకోవడం అమాయకత్వం. వాక్యం లేకపోతే అడగడానికి ఆధారమే లేదు.

8

నా విద్యార్థి సంగతి చెప్పి ముగిస్తాను. గట్టు చిరునామా నిలవక అతను విజయవాడలో గది అద్దెకు తీసుకున్నాడు. వృత్తి చేసుకునే చోటైనా దరఖాస్తు పెట్టవచ్చునని నిబంధన ఉంది కదా అని వెళ్లాడు. వృత్తి ఏమిటన్నారు. లైసెన్సు వస్తే కాపలా పని అన్నాడు. పని ఉంటే లైసెన్సు సంగతి చూద్దామన్నారు. ఈ గుండ్రటి దారిలో ఏడాదిన్నర తిరిగి, చివరకు ఒక దుకాణాల సముదాయం ముందు లాఠీకర్రతో నిలబడే పనిలో చేరాడు. మా బడి ఇచ్చిన ధ్రువపత్రాన్ని అతను జేబులో మడిచి పెట్టుకున్నాడు. "ఇదొక్కటే మాస్టారూ, నేను చల్లపల్లివాణ్ణని ఎవరూ కాదనకుండా రాసింది" అన్నాడు.

అతనికి తుపాకి రాలేదని నాకు బాధ లేదు. ఈ దేశంలో తుపాకులు తక్కువగా ఉండడమే మేలు. నా బాధ ఆ మాట గురించి. 17 ఏళ్లు సరిహద్దులో దేశానికి కాపలా కాసినవాడు తన ఊరి సరిహద్దు లోపల తన చోటును నిరూపించుకోలేకపోయాడు.

మన కథల్లో "ఊరంతా ఏకమైంది", "ఊరు ఊరంతా కదిలింది" అని తేలికగా రాస్తాం. ఏ ఊరు? అందులో గట్టు ఉందా, లంక ఉందా, వాడ ఉందా? ఆ ఊరి దస్తావేజుల్లో ఎవరి పేర్లున్నాయి, ఎవరివి లేవు? చరిత్రకారుడు లైసెన్సుల రిజిస్టరు చూసి ఊరి లెక్క కడితే కోటా, నాలుగు బజార్లూ మాత్రమే తేలతాయి. రిజిస్టరు ఎక్కనివాళ్ల కాపురాన్ని రాసిపెట్టవలసిన పని రచయితకు మిగిలింది. కలానికి 1878 నాటి లైసెన్సు ఇప్పుడు అక్కరలేదు. ఆ సౌకర్యాన్ని మనం దేనికి వాడుతున్నామో ఎవరికి వారు చూసుకోవాలి.